మగ్గం ఒకటి, కరారు కాగితాలు రెండు



మన సమాఖ్య వార్షికోత్సవ సంచికకు మన వృత్తి చరిత్ర మీద ఏదైనా రాయమని పెద్దలు అడిగినారు. దేవల మహర్షి కథ, మార్కండేయుడి కథ, భావనారుషి కథ రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. మాకంటే బాగా రాస్తారు. మేము సంఘంలో నూలు లెక్క, కూలి లెక్క రాసుకునే మనుషులం. చదువు ఎనిమిదో తరగతి. ఇన్నేళ్ళలో మా చేతుల మీద ఎక్కువగా నడిచింది బట్ట కాదు, కాగితం. అందుకని అప్పు కాగితం చరిత్రే రాస్తున్నాము. ఇది కూడా మన నేతవాళ్ళ చరిత్రే. మన తాతలు ఎంత బట్ట నేసినారో అన్ని వేలిముద్రలు కూడా వేసినారు.

ఎవరూ చదవని వాక్యం

బ్యాంకు నుంచి సంఘానికి అప్పు వచ్చేటప్పుడు పెద్ద కట్ట కాగితాలు ఇస్తారు. మనోళ్ళు చూసేది మూడే: ఎంత సొమ్ము, ఎంత వడ్డీ, ఎన్ని కంతులు. మిగతా పేజీల మీద ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా సంతకం చేసి వస్తారు. ఆ పేజీల మధ్యలో ఒక వాక్యం ఉంటాది. ఒక్కో బ్యాంకులో ఒక్కో మాదిరి రాస్తారు గానీ సారాంశం ఇది. అప్పు తీసుకునేవారు తమకు ఉన్న ముఖ్యమైన ఒప్పందాలన్నీ అప్పు ఇచ్చేవారికి తెలియజేసినారు. వాటిలో దేన్నీ వారు తప్పలేదు. ఈ అప్పు తీసుకోవడానికి, తీర్చడానికి అడ్డం వచ్చే కరారుగానీ, ఆంక్షగానీ, బైలాగానీ వారి మీద లేదు.

ఇది షరతు కాదు. షరతు అంటే రేపు మనం చేస్తామనో, చేయమనో చెప్పే మాట. ఇది ఈరోజు మన పరిస్థితి ఇట్లా ఉందని మనం ఇచ్చే వాంగ్మూలం. బ్యాంకు ఆ మాట నమ్మి సొమ్ము ఇస్తాది. మాట నిజం కాకపోతే, మనం ఒక్క కంతు కూడా తప్పకపోయినా కరారు తప్పినట్టే లెక్క. మొత్తం అప్పు ఒకేసారి కట్టమని అడిగే హక్కు బ్యాంకుకు వస్తాది.

ఈ వాక్యం ఇంగ్లీషు దొరలు ఎక్కడి నుంచో తెచ్చి మన నెత్తిన పెట్టింది అనుకుంటాము. కానీ దీని వెనక ఉన్న సంగతి మన మగ్గాల పక్కనే పుట్టింది. ఒక మగ్గం మీద ఎంతమందికి హక్కు ఉంది? ఈ ప్రశ్నకు రెండువందల ఏళ్ళుగా ఒక్కో కాలంలో ఒక్కో జవాబు వచ్చింది.

బయానా వాపసు ఇచ్చే హక్కు

కంపెనీ దొరతనం రాకముందు కూడా మనవాళ్ళు బయానా మీదనే నేసేవాళ్ళు. వర్తకుడు ముందుగా సొమ్ము ఇస్తే నేతగాడు నూలు కొని, ఇంటి ఖర్చు చూసుకుని, బట్ట నేసి ఇచ్చేవాడు. మచిలీపట్నం నుంచి చెన్నపట్నం దాకా సముద్రతీరం అంతా ఇదే పద్ధతి. అయితే ఆనాటి బయానాలో నేతగాడికి ఒక బలం ఉండేది. ఇంకొక వర్తకుడు మంచి ధర ఇస్తానంటే, మొదటి వాడి బయానా వాడికి వాపసు ఇచ్చి, బట్టను నచ్చిన చోట అమ్ముకునేవాడు. దక్షిణ దేశపు నేతగాళ్ళ మీద పరిశోధన చేసిన చరిత్రకారులు ఈ సంగతి స్పష్టంగా రాసినారు. బట్టకు గిరాకీ ఉన్నది, కొనేవాళ్ళు చాలామంది ఉన్నారు. డచ్చివాళ్ళు, ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, మన వర్తకులు పోటీ పడేవాళ్ళు. ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో 1611లోనే కోఠీ పెట్టింది. నరసాపురం దగ్గరి మాధవాయపాలెం పేరు మీద ఒక రకం బట్టకే సీమలో పేరు పడింది.

అంటే అప్పటి కరారు మగ్గాన్ని కట్టెయ్యలేదు. సొమ్ముకు సొమ్ము, లేదా సొమ్ముకు బట్ట. అంతే.

కంపెనీ కాగితం

కంపెనీ చేతికి రాజ్యం వచ్చినాక ఆ కాగితం మారింది. ఉత్తర సర్కారులు 1760ల తర్వాత కంపెనీ కింద పడినాయి. వర్తకుడే రాజు అయినాడు. తూకం పట్టుకున్నవాడే కత్తి కూడా పట్టుకుంటే ఏమవుతాదో అదే అయింది. బయానా వాపసు ఇస్తామంటే ఒప్పుకోలేదు. బాకీ ఉన్నంతకాలం మగ్గం కంపెనీదే.

ఈ మాటను చట్టంగా రాసింది బెంగాల్లో. అక్కడ 1793లో చేసిన 31వ రెగ్యులేషను మన నేతవాళ్ళు ఒకసారి తెలుసుకోవలసిన కాగితం. కంపెనీకి బాకీ ఉన్న నేతగాడు గానీ, బట్ట ఇస్తానని ఒప్పుకున్న నేతగాడు గానీ, ఆ పనిని, ఆ బట్టను మరెవ్వరికీ ఇయ్యకూడదు. తెల్లవాడికైనా సరే, నల్లవాడికైనా సరే. గడువుకు బట్ట ఇయ్యకపోతే వాడి మీద బంట్రోతును కూచోబెట్టవచ్చు. వేరేవాళ్ళకు అమ్మితే దివానీ అదాలతులో దావా వేయవచ్చు. ఒకటికంటే ఎక్కువ మగ్గాలు పెట్టి కూలివాళ్ళతో నేయించేవాడు కరారు ప్రకారం ఇయ్యని ప్రతి తానుకూ ధరలో నూటికి 35 వంతు జరిమానా కట్టాలి.

అది బెంగాలు, మనకేమి అనుకోవద్దు. మన బళ్ళారి సీమను నైజాం 1800లో కంపెనీకి ఇచ్చేసినాడు. బళ్ళారి, అనంతపురం, కడప అన్నీ కలిపి దత్తమండలాలు అన్నారు. వాటికి పెద్ద కలెక్టరుగా 1800 నుంచి 1807 వరకు ఉన్నది థామస్ మన్రో. మంత్రాలయం దగ్గర, మన పల్లెల్లో ఇప్పటికీ మన్రో పేరు చెప్పుకుంటారు. ఆయన మన సీమకు రాకముందు బారామహల్‌లో, అంటే సేలం ధర్మపురి పక్క, పనిచేసినాడు. తర్వాత 1813లో ఇంగ్లాండు పార్లమెంటు ముందు సాక్ష్యం ఇస్తూ బారామహల్‌లో జరిగింది చెప్పినాడు. కంపెనీ నౌకర్లు ముఖ్యమైన నేతగాళ్ళను ఒకచోట చేర్చి, కంపెనీకి మాత్రమే బట్ట ఇస్తామని ఒప్పుకునేదాకా వాళ్ళ మీద కాపలా పెట్టేవాళ్ళట. ఒకసారి బయానా ముట్టినవాడు మళ్ళీ బయటపడడం అరుదు. ఆలస్యమైతే ఇంటి ముందు బంట్రోతు, ఆ బంట్రోతు చేతిలో బెత్తం, ఆ బంట్రోతుకు రోజుకు ఒక అణా ఖర్చు కూడా నేతగాడే పెట్టుకోవాలి.

మనవాళ్ళు ఊరికే ఉండలేదు. ఆ శతాబ్దం చివర్లో ఉత్తర సర్కారుల నేతగాళ్ళు పని ఆపినారు, గుంపులు కట్టినారు, అర్జీలు పెట్టుకున్నారు. కంపెనీ వ్యాపార గుత్తాధిపత్యం 1813లో పోయింది, 1833 చట్టంతో కంపెనీ వ్యాపారమే ఆగిపోయింది. బంట్రోతు పోయినాడు. కానీ వాడు నేర్పిన పాఠం మిగిలింది. నేతగాడికి అప్పిచ్చేవాడు సొమ్మును కాదు, మగ్గాన్ని కట్టెయ్యాలి అనే పాఠం.

సావుకారు చీటి, సర్కారు చట్టం

కంపెనీ పోయినాక దాని చోటికి సావుకారు వచ్చినాడు. నూలు ఇస్తాడు, పెళ్ళికీ చావుకూ అప్పు ఇస్తాడు, బట్ట తనకే ఇయ్యాలంటాడు. నేతగాడు ఇంకొక సావుకారు దగ్గరికి పోవాలంటే ఆ కొత్త సావుకారు పాత బాకీ కట్టాలి. బాకీ తీరదు, చేతులు మారుతాది. నేతగాడు కూడా బాకీతో పాటు చేతులు మారుతాడు. ఈ పద్ధతి ధర్మవరంలో చూసినాము, మన పక్క పల్లెల్లో చూసినాము. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

అందరు సావుకార్లూ చెడ్డవాళ్ళని మేము అనము. బ్యాంకు తలుపు కూడా తెరవని రోజుల్లో రాత్రిపూట ఆసుపత్రికి సొమ్ము ఇచ్చింది వాళ్ళే. మేము చెప్పేది కాగితం సంగతి. చీటిలో ఏమి రాసినారో రాయించుకున్నవాడికే తెలియదు.

ఈ కష్టం నేతవాళ్ళకు మాత్రమే కాదు. పూనా, అహమ్మదునగరం పక్క రైతులు 1875లో సావుకార్ల ఇళ్ళమీద పడి అప్పు పత్రాలు లాక్కొని తగలబెట్టినారు. సొమ్ము దోచడం కంటే కాగితం కాల్చడం మీదనే వాళ్ళ కసి. దాని తర్వాత 1879లో దక్కను రైతుల ఉపశమన చట్టం వచ్చింది. రైతు రాసిచ్చే పత్రాన్ని ఊరి రిజిస్ట్రారు ముందర రాయించాలి, గట్టిగా చదివి వినిపించాలి, తర్వాతనే వేలిముద్ర వేయించాలి అని అందులో పెట్టినారు. పత్రం మీద ఉన్న అంకెను మాత్రమే నమ్మకుండా దాని వెనక అసలు లెక్క ఏమిటో కోర్టు విచారించవచ్చు అన్నారు. చదివి వినిపించని కాగితం కాగితం కాదు అని సర్కారు ఒప్పుకున్నది అప్పుడు.

అంతకు ముందే 1872లో కరారుల చట్టం వచ్చింది. ఇవాళ్టికీ మన సంఘం కాగితాలన్నీ దాని కిందనే నడుస్తున్నాయి. అందులో మూడు సంగతులు మనకు పనికొస్తాయి.

మొదటిది. అబద్ధమో, నిజం కాని మాటో చెప్పి ఒప్పుకోలు తీసుకుంటే, మోసపోయినవాడు ఆ కరారును కాదనవచ్చు. ఊరికే నోరు మూసుకుని ఉండడం సాధారణంగా మోసం కాదని కూడా ఆ చట్టమే అంటాది. కానీ జాగ్రత్త. ‘నా మీద వేరే కరారు లేదు’ అని సంతకం పెట్టినాక అది నోరు మూసుకోవడం కాదు, మాట చెప్పడం.

రెండోది. ఒకరి వృత్తికి, వ్యాపారానికి అడ్డుకట్ట వేసే కరారు ఆ మేరకు చెల్లదు. ఇది విని సంతోషపడేవాళ్ళు ఉంటారు. అయితే కరారు నడుస్తున్నంతకాలం సరుకు ఒకరికే ఇస్తాననే షరతును కోర్టులు ఈ కారణంతో మామూలుగా కొట్టెయ్యవు. కాబట్టి ‘ఆ చీటి చెల్లదులే’ అని మనంతట మనమే తీర్పు చెప్పుకుని, బ్యాంకు కాగితంలో దాన్ని రాయకుండా వదిలెయ్యకూడదు.

మూడోది జామీను. జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. సంఘానికి జామీను పెట్టిన కమిటీ సభ్యుడి ఇంటికి నోటీసు రావడానికి సంఘం ఆస్తి అంతా అమ్ముడుపోవాలని ఏమీ లేదు.

చాలా కాలం తర్వాత 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. వెట్టి అంటే పొలంలో జీతగాళ్ళ సంగతే అనుకుంటాము. ఆ చట్టం నిర్వచనం చదివించుకుంటే ఆశ్చర్యం వేస్తాది. బయానా తీసుకున్న కారణంగా తన కష్టంతో, తన ఇంటివాళ్ళ కష్టంతో తయారైన వస్తువును బజారు ధరకు అమ్ముకునే హక్కు పోగొట్టుకోవడం కూడా వెట్టిలోకే వస్తాదని అందులో ఉంది. 1793లో బాకీ ఉన్న నేతగాడు వేరేవాళ్ళకు అమ్మితే నేరం. 1976లో బాకీ పేరుతో నేతగాడిని అమ్ముకోనీయకపోవడమే నేరం. ఈ తిరుగుడుకు 183 ఏళ్ళు పట్టింది.

సంఘం పెట్టుకున్న కాలం

సావుకారు చీటికి మందుగా వచ్చింది సహకార సంఘం. మద్రాసు సర్కారు ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని యూరపులో పల్లె అప్పుల పద్ధతులు చూసి రమ్మని పంపింది. ఆయన 1895లో, 1897లో రెండు నివేదికలు ఇచ్చినాడు. జర్మనీలో రైఫైజన్ పెట్టిన పల్లె సంఘాల మాదిరి ఇక్కడా పెట్టుకోమన్నాడు. 1904లో దేశమంతటికీ సహకార చట్టం వచ్చింది. మరుసటి ఏడే, 1905లో, కంచిలో నేతవాళ్ళ సంఘం పుట్టింది. అప్పటికి మన బళ్ళారి కూడా మద్రాసు రాజధానిలోనే ఉన్నది. 1935లో మద్రాసులో నేత సంఘాలన్నిటికీ పైన రాష్ట్ర సంఘం వచ్చింది. దాన్నే ఇప్పుడు కో-ఆప్టెక్స్ అంటున్నాము.

ఆ తొలి పల్లె సంఘాల్లో సభ్యుల బాధ్యతకు హద్దు లేదు. ఒకడు ఎగ్గొడితే మిగతావాళ్ళు కట్టాలి. అందుకని ప్రతి సభ్యుడి ఆస్తి ఎంత, బయట బాకీ ఎంత, ఎవరికి ఏమి రాసిచ్చినాడు అని సంఘం పుస్తకంలో రాసి పెట్టేవాళ్ళు. ఇవాళ బ్యాంకు అడిగే ఆ వాంగ్మూలం పని ఆనాడు ఈ పుస్తకం చేసేది. తేడా ఏమంటే, అప్పుడు అడిగేవాడూ చెప్పేవాడూ ఒకే వీధివాళ్ళు. ఎవరి మగ్గం మీద ఎవరి నూలు ఉందో గుంటలో కూచున్నవాడికీ తెలుసు, ఆసు పోసే ఆడవాళ్ళకూ తెలుసు. దాచిపెట్టాలన్నా దాగదు. అందుకే కాగితం చిన్నది, నమ్మకం పెద్దది.

సంఘం కూడా ఒక ఆంక్ష పెట్టింది. సంఘం నూలుతో నేసిన బట్ట సంఘానికే ఇయ్యాలని చాలా సంఘాల బైలాలో ఉంటాది. అయితే కంపెనీకి దీనికి తేడా లేదా అని కొందరు యువకులు మమ్మల్ని అడిగినారు. ఉంది. ఆ బైలా మహాసభలో మనం చేతులెత్తి చేసుకున్నది, మనమే మార్చుకోవచ్చు. లాభం వస్తే బోనసు మనకే. బాకీ కట్టి బయటికి పోతానంటే ఇంటి ముందు బంట్రోతు కూచోడు. ఆంక్ష ఉండడం తప్పు కాదు. దాన్ని ఎవరు పెట్టినారు, దాన్నుంచి బయటికి దారి ఉందా లేదా అన్నదే చూసుకోవాలి.

సరిహద్దు గీత పడినాక

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అదే రోజు పాత బళ్ళారి జిల్లా రెండు ముక్కలైంది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయినాయి. మన సిరుగుప్ప, బళ్ళారి, హొసపేట వంటి తాలూకాలు మైసూరులో చేరినాయి. మన బంధువులు అవతల, మన సంత అవతల, మన సర్కారు ఇవతల.

కాగితాల సంగతిలో ఈ గీత చాలా పని చేసింది. ఇంట్లో మాట తెలుగు, సర్కారు పత్రం కన్నడం, బ్యాంకు కరారు ఇంగ్లీషు. కన్నడం మనకు పరాయిది కాదు, మన పిల్లలందరూ కన్నడం బళ్ళోనే చదివినారు. కానీ కరారు భాష అనేది కన్నడంలోనైనా, తెలుగులోనైనా వేరే భాష. తరాల తరబడి మాటతో నడిచిన వ్యవహారం మూడు భాషల కాగితంలోకి పోయేసరికి, ‘యాడ సంతకం పెట్టాలో చెప్పు’ అనడమే మనోళ్ళకు అలవాటైంది.

సొమ్ము మాత్రం అప్పుడే రావడం మొదలైంది. 1952లో అఖిల భారత చేనేత బోర్డు ఏర్పడింది. 1953లో మిల్లు బట్టమీద అదనపు సుంకం వేసి ఆ సొమ్ము ఖద్దరుకు, చేనేతకు పెట్టినారు. నేతగాడు సంఘంలో చేరడానికి వాటా ధనంలో ఎక్కువ భాగం అప్పుగా ఇచ్చినారు. 1957 నుంచి రిజర్వు బ్యాంకు సొమ్ము సహకార బ్యాంకుల ద్వారా నేత సంఘాలకు వచ్చింది. 1982లో నాబార్డు ఏర్పడినాక ఆ పని దాని చేతికి పోయింది. మన కర్ణాటకలో సహకార చట్టం 1959లో వచ్చింది, చేనేత అభివృద్ధి నిగమం 1975లో వచ్చింది. సంఘంలో లేని నేతగాళ్ళకు ఆ నిగమం నూలు ఇచ్చి కూలి ఇచ్చింది.

ఇట్లా సంఘం మీద ఒక్కో కాగితం పెరుగుతా వచ్చింది. జిల్లా సహకార బ్యాంకుకు నూలు, బట్ట నిలవ మీద తాకట్టు కాగితం. సర్కారు వాటా ధనానికి ఒక కాగితం. షెడ్డుకు, గోదాముకు గ్రాంటు తీసుకుంటే అనుమతి లేకుండా అమ్మకూడదని ఒక కాగితం. యూనిఫారం బట్ట ఆర్డరుకు ఒక కాగితం. నూలు అప్పుకు ఒక కాగితం. వీటన్నిటికీ తోడు, సంఘం ఎంతవరకు అప్పు చేయవచ్చో బైలా పెట్టిన హద్దు. ఇవన్నీ ముఖ్యమైన ఒప్పందాలు, ఆంక్షలే. బ్యాంకు ఆ ఒక్క వాక్యంలో అడుగుతున్నది వీటి గురించే.

రెండు కాగితాల మధ్య నలిగిన సంఘం

పేరు చెప్పడం బాగుండదు, ఒక సంఘం సంగతి చెప్తాము. ఆ సంఘంవాళ్ళు నూలు కరువు వచ్చిన ఏడాది ఒక వ్యాపారి దగ్గర నూలు అప్పుగా తెచ్చుకున్నారు. బాకీ తీరేదాకా బట్ట తనకే ఇయ్యాలని అతడు చిన్న కరారు రాయించుకున్నాడు. కొన్ని నెలలకు బ్యాంకు నుంచి వాళ్ళకు క్యాష్ క్రెడిట్ వచ్చింది. గోదాములోని నూలూ బట్టా బ్యాంకుకు తాకట్టు. ఆ కాగితంలో ‘వేరే కరారు లేదు’ అన్న చోట సంతకం అయిపోయింది. ఎవరూ దాచాలని దాచలేదు. అడిగినట్టు ఎవరికీ తోచలేదు.

బ్యాంకు మనిషి నిలవ తనిఖీకి వచ్చిన రోజే వ్యాపారి బండి కూడా బట్టకోసం వచ్చింది. ఇద్దరి చేతుల్లో రెండు కాగితాలు, రెండిటి మీద అదే అధ్యక్షుడి సంతకం. బ్యాంకు ఖాతా ఆపేసింది. ఎవరూ ఒక్క రూపాయి తినలేదు, బట్ట పోలేదు, మగ్గాలు బాగానే ఉన్నాయి. అయినా కూలి ఆగిపోయింది. నేసినవాళ్ళు వారాల తరబడి సంఘం గుమ్మం ముందు కూచున్నారు. కొంతమంది తిరిగి సావుకారు దగ్గరికి పోయినారు, వాళ్ళు మళ్ళీ సంఘానికి రాలేదు. జామీను పెట్టిన కమిటీ సభ్యులు ఇంట్లో ఆడవాళ్ళకు జవాబు చెప్పలేకపోయినారు.

ఇంకొక సంఘం ఇట్లాంటి కరారునే దాచకుండా అప్పు దరఖాస్తుతో పాటు రాసిచ్చింది. మేనేజరు మొహం చిట్లించినాడు. ఆ వ్యాపారి దగ్గర అభ్యంతరం లేదని లెటరు తెమ్మన్నాడు. బాకీ ఇంత, బ్యాంకు సొమ్ము రాగానే మొదట అది తీర్చేస్తాము, తర్వాత బట్ట మీద అతనికి హక్కు లేదు అని రాయించుకుని తెచ్చినారు. అప్పు కొన్ని వారాలు ఆలస్యమైంది, కానీ వచ్చింది, ఆగలేదు. నిజం చెప్తే అప్పు రాదేమో అన్న భయం మనకు ఎక్కువ. కానీ ముందుగా చెప్పిన కరారుకు లెటరుతో మందు ఉంది. తర్వాత బయటపడిన కరారుకు మందు దొరకడం కష్టం.

ఇదే మాట ఒక్కొక్క నేతగాడికీ వర్తిస్తాది. ముద్రా అప్పుకు పోయేటప్పుడు సావుకారు బయానా, చిన్న ఫైనాన్సు కంతులు, స్వసహాయ సంఘంలో ఇంటావిడ తీసుకున్న అప్పు, అన్నీ లెక్కలోకి వస్తాయి. ఇప్పుడు సంస్థల నుంచి తీసుకున్న అప్పులు కంప్యూటర్లో కనబడతాయి. కనబడనిది సావుకారు చీటి ఒక్కటే, గొడవ వచ్చేదీ దాని దగ్గరే.

పుస్తకాలు సరిగ్గా పెట్టుకోవడం ఎంత పని చేస్తాదో 2011లో చూసినాము. ఆ ఏడు కేంద్ర బడ్జెట్టులో చేనేత సహకార సంఘాల పాత బాకీల కోసం నాబార్డుకు 3,000 కోట్లు ఇస్తామని చెప్పినారు. 15,000 సంఘాలకు, 3 లక్షల మంది నేతగాళ్ళకు మేలు జరుగుతాదన్నారు. ఆ పథకంలో 2010 మార్చి 31 నాటికి ఉన్న బాకీని లెక్క తీసుకుని, ప్రత్యేక ఆడిట్ చేసినారు. మాఫీ అనేది కూడా కాగితం మీదనే వచ్చేది.

ఇప్పుడు చేయవలసింది

చరిత్ర చెప్పి వదిలేస్తే సగం పనే. మా అనుభవంలో నిలబడిన సంగతులు కొన్ని చెప్తాము.

ప్రతి సంఘం ఒక పుస్తకం పెట్టుకోవాలి. సంఘం ఎవరితో ఏ కరారు చేసింది, ఎప్పటిదాకా, అందులో చేయకూడనిది ఏమి, ఇవి నాలుగు గడులుగా రాయాలి. నోటి మాట కరారు అయినా రాయాలి. కార్యదర్శి మారినప్పుడు బీగాలతో పాటు ఈ పుస్తకం కూడా చేతికి ఇయ్యాలి.

కొత్త అప్పుకు పోయేటప్పుడు ఆ పుస్తకం చూసి జాబితా రాసి, దాన్ని కరారుకు అనుబంధంగా జత చేయించాలి. ‘కరార్లు ఏమీ లేవు’ అన్న చోట ‘అనుబంధంలో చెప్పినవి తప్ప’ అన్న మాట రాయించాలి. ఆ రెండు మూడు మాటలు సంఘాన్ని కాపాడతాయి. మనకు తెలియని సంగతి గురించి గట్టిగా మాట ఇయ్యవద్దు, ‘మాకు తెలిసినంతవరకు’ అని రాయమని అడగాలి. బ్యాంకు ఒప్పుకోకపోవచ్చు. అడగడం తప్పు కాదు.

ఒకసారి ఇచ్చిన వాంగ్మూలం ఒకసారితో పోదు. ప్రతి ఏడూ లిమిటు రెన్యువలు చేసేటప్పుడు, కొన్ని కరారుల్లో సొమ్ము తీసిన ప్రతిసారీ, అదే మాట మళ్ళీ చెప్పినట్టు లెక్క. మధ్యలో కొత్త కరారు చేసుకుంటే లెటరు పెట్టి తెలియజేసి, ముట్టినట్టు ముద్ర వేయించుకోవాలి.

కరారు నకలు అడగాలి. అప్పు కరారు, దాని జతపత్రాల నకలు అప్పు తీసుకున్నవారికి ఇయ్యాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి మనుషుల సొంత అప్పులకు, చిన్న పరిశ్రమల టర్మ్ లోన్లకు ముఖ్యాంశాల పత్రం ఒకటి ఇయ్యాలి. అది అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి, వివరించి చెప్పాలి. మనకు తెలుగో కన్నడమో ఏది అర్థమైతే అందులో అడగాలి. 1879లో దక్కను రైతుకు చదివి వినిపించమన్నారు. ఇవాళ మనం నోరు తెరిచి అడిగితే చాలు.

వేలిముద్ర దగ్గర ‘నాకు తెలిసిన భాషలో చదివి వినిపించినారు’ అని ఒక వరుస ఉంటాది. వినిపించకుండా దాని కింద ముద్ర వేయవద్దు. అది కూడా ఒక వాంగ్మూలమే.

చదువుకున్న పిల్లలకు ఒక విన్నపం. మీలో బీకాంలు, ఇంజనీర్లు ఉన్నారు, బెంగుళూరులో ఉద్యోగాలు చేస్తున్నారు. ఊరికి వచ్చినప్పుడు మీ నాన్న, మీ పెదనాన్న సంతకం పెట్టిన కాగితం ఒక్కసారి చదివి చెప్పండి. సన్మానం చేసి శాలువా కప్పడం కంటే అది పెద్ద సేవ.

కంపెనీ కాలంలో మన ముత్తాతలను కాపలా పెట్టి ‘ఇంకెవరికీ ఇయ్యము’ అని ఒప్పించినారు. వాళ్ళకు కాదనే దారి లేదు. ఇవాళ మనల్ని ఎవరూ కాపలా పెట్టరు. కుర్చీ వేసి, టీ ఇచ్చి, పెన్ను చేతికి ఇస్తారు. చదివే తీరిక, అడిగే హక్కు, చెప్పుకునే చోటు మూడూ మనకు ఉన్నాయి. పడుగులో ఒక పోగు తెగితే నేసేవాడు మగ్గం ఆపి ముడి వేసుకుని ముందుకు పోతాడు. తెలిసీ వదిలేసిన పోగు బట్టంతా కనబడతాది. అప్పు కాగితంలో మనం ఇచ్చే మాట కూడా అట్లాంటిదే.